ఆకు అంటుకున్న ఎత్తు

దారింకా ముందు మా జేబులు ఖాళీ చేయించింది.
చూయింగ్ గమ్ కాగితం, బస్సు టికెట్టు,
యెర్నెయ్ దాచుకున్న సిగరెట్ పెట్టె.
"కొండ కడుపులో ఇవి అరగవు," అంది.

స్లోవేనియాలో, సున్నపురాళ్ళ నేల మీద,
ద్రాక్ష కోతలు అయిపోయిన శనివారం.
ఆరుగురం. నాకు పదిహేడేళ్ళు.
అరువు గిన్నెలా హెల్మెట్
నా నెత్తి మీద అటూ ఇటూ తిరుగుతోంది.

తలా మూడు దీపాలు.
ఒకటి చూడ్డానికి,
ఒకటి అది ఆరిపోతే,
మూడోది, పక్కవాడివి ఆరిపోతే.
ఆ మూడో లెక్క మాకు వెంటనే ఎక్కలేదు.

పైన, గుహ నోటి దగ్గర, మడత కుర్చీలో వాళ్ళాయన.
రొట్టెల కొట్టువాడు, చేతుల మీద ఇంకా పిండి.
నోటుబుక్కులో మా పేర్లు, దిగిన వేళ, రావలసిన వేళ.
ఐదింటికి మేం కనబడకపోతే ఫోన్ చేస్తాడు.
ఐదుంపావుకి కాదు.
ఐదింటికి.

"తాడు నీ బరువు మోస్తుంది, నీ తొందరని మోయదు.
ముడి వేశాక పక్కవాళ్ళకి చూపించు.
నమ్మకం వేరు, ముడి వేరు."

అడుసు తొక్కనేల అన్నవాడు ఇటు రానేలేదు,
ఇక్కడ అడుసే దారి.
అదీ రెండు పసుపు రిబ్బన్ల మధ్య, బెత్తెడు.
అవతల ఎవరూ తొక్కని మట్టి.
ఒక్క బూటు ముద్ర పడితే
చెరపడానికి ఆ గదిలో వాన కురవదు.

సోడా స్ట్రా అంత సన్నని సున్నపు గొట్టం,
చివర ఒక బొట్టు.
మేం ఊపిరి బిగబట్టి దాని కిందినుంచి వంగి వెళ్ళాం.
పడలేదది. మేం ఆరుగురం దాటేదాకా పడలేదు.

మడిచిన గొడుగులా ఒక గబ్బిలం.
నేజా దీపం ఎత్తబోయింది.
దారింకా అరచేత్తో ఆ వెలుగు మూసింది,
వేళ్ళ సందుల్లో నెత్తురు ఎర్రగా కనబడింది.
"లేపితే చలికాలానికి దాచుకున్న కొవ్వు ఖర్చయిపోతుంది.
ఎవరు తీరుస్తారు ఆ అప్పు?"
ఎవరం మాట్లాడలేదు.

తర్వాత, పాకుతూ పోవలసిన సొరంగం.
అవతల మడుగు. మడుగులో కళ్ళు లేని తెల్లని జీవి.
దాన్ని చూడ్డానికే వచ్చాం, నిజం చెప్పాలంటే.
ఇంకా ముప్పై అడుగులు.

ఆగింది.
గోడ మీద, నా తలకి మూరెడు పైన,
ఒక ఓక్ ఆకు, తడిగా, అంటుకుని ఉంది.
ఇంత లోపల ఓక్ చెట్టెక్కడిది?
నీళ్ళు ఎత్తుకొచ్చి అక్కడ పెట్టి వెళ్ళాయి.
కింద ఏటి గొంతులో ఒక పోగు పెరిగినట్టుంది,
మాకు వినబడలేదు, ఆమెకి వినబడింది.
"వెనక్కి."

"ముప్పై అడుగులే కదా!" యెర్నెయ్.
"వెళ్ళడానికి, అవును," అంది దారింకా.

బయట ఎండ. కడిగిన పళ్ళెంలా ఆకాశం.
మూడూ ఇరవై.
వాళ్ళాయన ఆపిల్ కొరుకుతూ
మా పేర్లు ఒక్కొక్కటే కొట్టేశాడు.

ఆ రోజు వాన రాలేదు.
ఆ రాత్రీ రాలేదు.
ఆదివారం ఊరంతా బట్టలు ఆరేసుకుంది.

ఒక గుహ మట్టి ఇంకో గుహకి మొయ్యకూడదని
ఆమె మా బూట్లు బ్రష్షుతో తోముతుంటే
యెర్నెయ్ ఎదురుగా నిలబడి అడిగేశాడు, "వాన ఏదీ?"
"రాలేదు," అంది.
ఇంకో బూటు అందుకుంది.

ఆ మడుగు తర్వాత నాలుగుసార్లు చూశాను.
ఆ జీవి రెండుసార్లు కనబడింది, చిటికెనవేలంత.
చూడకుండా తిరిగొచ్చినవి ఎన్నో నేను రాసుకోలేదు.
దారింకా మోకాళ్ళు ఇప్పుడు తాడు ఎక్కనివ్వవు.
కుర్చీలో కూర్చుని నోటుబుక్కు తనే రాస్తుంది.

ఈ ఉదయం, అదే సొరంగం ముందు,
హెల్మెట్ వదులైన ఒక పిల్లాడు నా వెనకనుంచి
"ఎంత దారింకా?" అన్నాడు.
ఒక్క క్షణం ఆమెని పిలిచాడనుకున్నాను.

దీపం గోడ మీదికి తిప్పాను,
తలకి పైన,
ఆకు కోసం.